కొండను చెరిపేసిన బావ

సముద్రపు అడుగుకు పటం గీసే మా ఆఫీసులో బావది ముప్పై ఏళ్ల సర్వీసు. ఓడెక్కితే వాంతులని సముద్రం మొహమే చూడని ఘనుడు. ఓడలు శబ్దంతో కొలిచి పంపిన లోతుల్లో తప్పుడు చుక్కలను ఏరి చెరపడం ఆయన పని. ఏ చుక్క కాస్త ఎత్తుగా కనిపించినా ఆయనకు తప్పుడుదే. పరీక్షగా చూస్తూ కూర్చుంటే ఐదున్నర బస్సు తప్పిపోదూ! సముద్రపు అడుగునంతా ఇస్త్రీ చొక్కాలా చదును చేసి లేచేవాడు. ఆ నునుపుకే మురిసి పైవాళ్లు ప్రమోషన్ ఇచ్చారు.

కిందటి నెల ఇంకో ఓడ బావ చదును చేసిన చోటే కిలోమీటరు ఎత్తు కొండను కనిపెట్టింది. పాత కొలతలు తీస్తే కొండ వాటిలోనూ ఉంది, చెరిపింది బావే.

"ఇంత కొండ కనపడలేదా బావా?" అని నిలదీశాను.

"మరి నీకు కనపడలేదా? సరిచూసి సంతకం పెట్టింది నువ్వేగా!"

మా ఇద్దరిదీ ఒకే బస్సు.