నడిచిపోయిన అక్షరం

ఆ రోజుల్లో బడి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే మా పల్లెల్లో మేకలు కూడా వరసలో నడిచేవని చెప్పుకునేవారు. (నేను చూడలేదు, వణకడంతోనే నాకు సరిపోయేది.) అలాంటి ఇన్‌స్పెక్టరు గారు మా మిషను బడి ముందు బండి దిగి, వసారా గోడ మీద నేను గుల్లలతో అంటించిన 'స్వాగతం' చూసి ఆగిపోయారు. అక్కడ 'గతం' అని ఉంది.

"గతమంటే నేనా, మీ బడా?" అని అడిగారాయన, ముఖం మారకుండా.

ముందు రోజు సాయంత్రం వరకు అది స్వాగతమే. కురిచేడుకు కాస్త దూరంలో ఉన్న ఆ బడిలో నేను తాత్కాలికపు పంతులిని. పని ఖాయం కావాలంటే ఇన్‌స్పెక్టరు గారు ఊ అనాలి. ఆయన కంట్లో పడాలని, వేసవి సెలవుల్లో కొత్తపట్నంలో మా అక్క ఇంటికి వెళ్ళినప్పుడే ఏర్పాటు చేసుకున్నాను. అక్కడి ఇసుక దిబ్బల మీద, రావణాసురుడి మీసాలనే ముళ్ళగడ్డికి తెల్లటి నత్తగుల్లలు గుత్తులుగా అంటుకుని ఉంటే సంచి నిండా కోసుకొచ్చాను. ఒక్కటీ కదలలేదు. మూతులకు ఎండిన పొర కట్టి ఉంది. మా బావ మాత్రం, "అవి చావలేదు బామ్మర్దీ, నిద్రపోతున్నాయి. వాన తగిలితే లేస్తాయి, ఇసుకలో గుడ్లు పెడతాయి. వానలు బాగున్న ఏడు దిబ్బంతా ఇవే. లేని ఏడు వెతికినా దొరకవు" అన్నాడు. అక్క పెళ్ళయిన నాటి నుంచి బావ నాతో ఒక్క నిజం చెప్పిన పాపాన పోలేదు. (ఉప్పు చెట్టుకు కాస్తుందని చెప్పి నన్ను ఒక పూటంతా ఎండలో తిప్పిన మనిషి.) అందుకని నవ్వేసి, గుల్లలు తెచ్చి తుమ్మబంకతో గోడకు అంటించాను.

తెల్లవారుతుండగా తొలకరి పడింది. మా వసారా కప్పు ఎడమ పక్కనే కారుతుంది.

పెద్ద పంతులు నన్ను పక్కకు లాగాడు. "ఏంది నాయనా, స్వా యాడికి పోయింది?"

"నడిచి పోయినట్టుందయ్యా" అన్నాను.

ఇన్‌స్పెక్టరు గారు వంగి, గోడ సున్నం గీరుకు తింటున్న ఒక నత్తను చాలాసేపు చూశారు. దీని సంగతేమిటో చెప్పమన్నారు. బావ మాటలనే, బావ పేరెత్తకుండా, పాఠంలా అప్పజెప్పాను. ఆయన పెద్ద పంతులు వైపు తిరిగి, "ఇతణ్ణి ఉంచుకోండి. అక్షరాలు మాత్రం సుద్దతో రాయించండి" అన్నారు.

తర్వాత పత్రికలో చేరి, నిన్నటి సంగతులు రాస్తూనే ముసలివాణ్ణయ్యాను. ఈ మధ్య అటు వెళ్తే బడి పునాది రాళ్ళ సందుల్లో తెల్ల గుల్లలు కనిపించాయి. నీళ్ళు చల్లి, పెద్దమనిషిలా కాసేపు కూర్చున్నాను. ఒక్కటీ కదలలేదు. అవి ఆ 'స్వా' సంతానమో, మా నేలవే మరో రకమో చెప్పడానికి బావ లేడు. ఉన్నా, ఆయన చెబితే నమ్మేవాణ్ణా అన్నది నాకింకా తేలలేదు.