ఎవరూ నొక్కని మూడో బటన్

ఆ కంపెనీలో ఆమెను అందరూ అనుమానమక్క అనేవారు. పందొమ్మిదేళ్లుగా టెస్టింగ్ బెంచి దగ్గరే పని. కొత్త చిప్ కొనబోయేవాళ్లు ముందుగా వాడి చూసుకోవడానికి అరచేతిలో పట్టే ఇవాల్యుయేషన్ బోర్డులు అక్కడ తయారయ్యేవి. కరెంటు ఇవ్వగానే బోర్డు తనను తానే పరీక్షించుకుంటుంది. మెమరీ, లైట్లు, నాలుగు బటన్లు, చివర్న ఉష్ణోగ్రత. ఫలితాలు వరుసగా కంప్యూటరు తెర మీద పడతాయి. బటన్ల దగ్గర మాత్రం "నొక్కండి" అని అడిగి మనిషి వేలి కోసం ఆగుతుంది.

ఆమె ప్రతి బోర్డునూ రెండుసార్లు పరీక్షించేది. ఇంట్లో స్టవ్ కట్టేశానో లేదోనని వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చే మనిషి మరి.

"ఇంత అనుమానం పెట్టుకుని నన్నొక్కసారి చూసే ఎలా చేసుకున్నావే?" అనేవాడు భర్త.

"అక్కడే బోల్తా పడ్డాను" అనేది.

పని నేర్పింది పక్క బెంచి పెద్దాయన. బాబాయ్ అని పిలిచేది. ఆయన చూపుడువేలికి కొస లేదు, బొటనవేలితో నొక్కేవాడు. "టక్కున నొక్కి వదిలేస్తే ఏం తెలుస్తుందమ్మా? మనసులో మూడు లెక్కపెట్టి వదులు" అని పోరేవాడు. ఆమెకు అంత ఓపిక ఎప్పుడూ లేదు. ఆయన పోయి నాలుగు నెలలు.

ఒక మధ్యాహ్నం కొన్నవాళ్ల దగ్గర్నుంచి పన్నెండు బోర్డులు వెనక్కి వచ్చాయి. కారణం ఎవరూ రాయలేదు. పదకొండు శుభ్రంగా పాసయ్యాయి. పన్నెండోదానిలో మొదటి బటన్ నొక్కింది, రెండోది నొక్కింది. మూడోదాని మీదికి వేలు వెళ్లేలోపే తెర మీద వరుస పడింది: మూడో బటన్ పాస్, నొక్కి ఉంచిన సమయం మూడు సెకన్లు.

మళ్లీ పెట్టింది. ఈసారి చేతులు ఒళ్లో పెట్టుకుంది, మొదటి రెండూ నొక్కాక. మూడోది పాస్. మూడు సెకన్లు.

సూపర్‌వైజరు వచ్చి చూశాడు. ఆమెకంటే పదేళ్లు చిన్నవాడు. "పాసంటోంది కదక్కా, పంపించెయ్."

"నొక్కకుండా పాసైతే అది పాసెలా అవుతుందయ్యా?"

"చెమ్మ చేరి ఉంటుంది."

స్పిరిట్‌తో తుడిచింది. వేడిగాలి పట్టింది. ఫలితం మారలేదు. చివరికి సోల్డరింగ్ ఐరన్‌తో ఆ బటన్‌నే ఊడదీసింది. రెండు వెండి చుక్కలు మిగిలాయి, నొక్కడానికేమీ లేదు. అవి ఒకదానికొకటి తగలడం లేదని మీటరు పెట్టి సూపర్‌వైజరుకే చూపించింది. మళ్లీ నడిపింది.

మూడో బటన్ పాస్. మూడు సెకన్లు. నాలుగోది ఆమె నొక్కాక ఉష్ణోగ్రత వరుస పడింది: ముప్పై ఆరు.

ఏసీ గది అది, ఇరవై మూడు దాటదు. సెన్సారు ఆ ఊడదీసిన బటన్ పక్కనే ఉంది. ఆమె ముంజేతిని బోర్డుకు ఆనించి చూసింది. చల్లగానే ఉంది.

"ఒంటి వేడిలా ఉందేంటక్కా" అన్నాడు సూపర్‌వైజరు, గొంతు తగ్గించి. పక్క బెంచీల వాళ్లు లేచి వచ్చి, ఆమె కుర్చీకి కాస్త దూరంలో ఆగిపోయారు.

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. బోర్డు వైపు వంగి, పక్క మనిషితో మాట్లాడినట్టు అంది: "ఇక చాలు బాబాయ్. నేను చూసుకుంటాను."

మరోసారి నడిపింది. రెండో బటన్ దాటింది. "మూడో బటన్ నొక్కండి" అని అడిగి బోర్డు ఆగిపోయింది. నిమిషం. పది నిమిషాలు. ఎవరూ నొక్కలేదు. అనుమానం తీరినందుకు ఊరట కలగాలి కదా! ఇంటికొచ్చిన మనిషిని గుమ్మంలోంచే పొమ్మన్నట్టు అనిపించి ఆమె కళ్లు తుడుచుకుంది.

రిపోర్టులో ఫెయిల్ అని రాసింది. కారణం దగ్గర చెమ్మ అని రాయమన్నాడు సూపర్‌వైజరు. "తెలీదు" అని రాసి సంతకం పెట్టింది.

మర్నాడు ప్రోగ్రాము రాసే అమ్మాయి దగ్గరికి వెళ్లి ఒక మార్పు అడిగింది. అప్పటినుంచి ఆ కంపెనీ బోర్డులన్నీ, బటన్లు నొక్కమనే ముందు, ఎవరూ ముట్టుకోకుండా పది సెకన్లు ఆగుతాయి. ఆ పది సెకన్లలో ఏ బటనైనా నొక్కినట్టు తెలిస్తే ఫెయిలే.

మంచి మార్పని పైవాళ్లు మెచ్చుకున్నారు. కానీ ఆ పది సెకన్లూ టెస్టింగ్ గదిలో ఎవరూ మాట్లాడరు. చేతులు వెనక్కి తీసుకుని, తెర వైపే చూస్తూ కూర్చుంటారు.