వానబత్తి

ఒక మాట నన్ను ఏళ్లుగా తినేస్తోంది. పెద్ద మాటేం కాదు, నేనే పుట్టించిన మాట. అది ముంబైలోని మా కామాఠిపుర గల్లీలన్నీ తిరిగి మళ్లీ నా షెడ్డుకే వచ్చి వెక్కిరిస్తోంది. విసుగెత్తి మీకు చెబుతున్నాను. మీరు నన్నెరగరు, అదే మేలు.

నేను బ్రేకుల పని చేస్తాను. మా చాల్‌లో, అదే మేమంతా గదికో కుటుంబంగా ఉండే పాత భవనంలో, పై అంతస్తులో ఉండే నర్సన్న టాక్సీకి ఓసారి బ్రేకు గొట్టం కారింది. అది మార్చాలంటే ఇంజను పక్కనుండే డబ్బా విప్పాలి. మలుపులో బండి జారిపోకుండా ఒక్కో చక్రాన్నీ విడిగా పట్టి ఆపే డబ్బా అది. దానికి మర్యాదలున్నాయి. ముందు బ్యాటరీ తీగ తీయాలి. ప్లగ్గులో బ్రేకు నూనె చుక్క పడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, కింద పడేయకూడదు. పడితే పైకి గీత కూడా కనిపించకపోయినా లోపల పాడైనట్టే లెక్క, మళ్లీ బిగించకూడదు. ఇవన్నీ నాకు తెలుసు. తెలియక చేసుంటే ఈపాటికి నిద్రయినా పట్టేది.

చేతికి నూనె ఉంది. తుడుచుకోవడానికి బద్ధకం. డబ్బా జారి రాతి గచ్చు మీద పడింది. ఎవరూ చూడలేదు. గుడ్డతో తుడిచి బిగించేశాను. ఎందుకు చెప్పలేదు? గల్లీలో నా పనికి మంచి పేరుంది, అది పోతుందని. అంతే. ఇంతకన్నా గొప్ప కారణం దొరుకుతుందేమోనని చాలా వెతికాను, దొరకలేదు.

బండి స్టార్టు చేస్తే స్పీడు మీటరు దగ్గర జారుతున్న కారు బొమ్మతో పసుపు దీపం వెలిగింది. ఆరలేదు.

"తమ్మీ, గీ బత్తి ఏంది? మొన్నటిదాంక లేకుండె," అన్నాడు నర్సన్న.

"ఏం గాదన్నా, అది వానబత్తి. తడికి ఎలుగుతది. బారిష్ పోతే అదే పోతది. టెన్షన్ తీస్కోకు."

"వానబత్తా! పేరు మంచిగున్నది," అని నవ్వుకుంటూ పోయాడు.

ఆ వానాకాలంలోనే వర్లి దగ్గర మలుపులో బండి అడ్డం తిరిగి డివైడరుకు కొట్టుకుంది. నర్సన్న మోచేయి విరిగింది. అతుక్కుంది గానీ ఆయన మళ్లీ స్టీరింగు పట్టలేదు. ఇప్పుడు గ్రాంట్ రోడ్‌లో వాచ్‌మన్. "నా చెయ్యే నన్ను మోసం జేసింది" అని అందరికీ చెప్పుకుంటాడు, నా షెడ్డు ముందు చాయ్ తాగుతూ కూడా. నేను తల ఊపుతాను. డబ్బా బాగుంటే బండి నిలిచేదా? నిలిచేది కాదేమో. ఈ 'ఏమో'ను పట్టుకుని ఎన్నాళ్లు వేలాడను?

పోనీ, అబద్ధం అక్కడితో చచ్చిందా అంటే అదీ లేదు. డ్రైవర్లకు ఆ పేరు నచ్చింది. ఎవడి బండిలో ఆ దీపం వెలిగినా వానబత్తే. అది లోపం, బాగు చేయించుకోండని అరిస్తే, పని కోసం భయపెడుతున్నానని నవ్వుతారు. నా అబద్ధాన్ని నమ్మినవాళ్లు నా నిజాన్ని నమ్మరు. తల గోడకేసి కొట్టుకోవాలా?

మొన్న నర్సన్న అల్లుడు వేరే పని మీద షెడ్డుకు వచ్చాడు. బడి పిల్లల వ్యాను నడుపుతాడు. అందులో అదే దీపం. ఏం కాదు, వానబత్తేనని మామ చెప్పాడట. తాళం లాక్కుని, బాగయ్యేదాకా బండి ఇవ్వలేదు. ఎందుకని గట్టిగానే అడిగాడు. అప్పుడూ చెప్పలేదు!

మీకే మొదటిసారి చెబుతున్నాను. వానబత్తి అనే దీపం ఏ బండిలోనూ లేదు. ఇంత రాసినా, పై అంతస్తుకు వెళ్లడానికి కాళ్లు రావడం లేదు. ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది. నర్సన్న చేయి మోసం చేసిందో లేదో నాకు తెలియదు. నా చేయి చేసింది. నా నోరు అంతకన్నా చేసింది.