కురవి వీరన్నకు ఒక పక్క మీసం

కురవి ఎలా వెళ్లాలని నన్ను అడిగేవాళ్లను నేను ముందు అడిగే ప్రశ్న ఒకటే: మొక్కు ఎవరిది? మొక్కిన మనిషి మా అక్కలాంటిదైతే దారి, బండి, కిరాయి అన్నీ తర్వాతి సంగతులు. ఇది తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల ముచ్చట. మా బావ రాజమౌళి భూపాలపల్లిలో బొగ్గు బాయి కార్మికుడు. బాయిలో కాలు విరిగి నెలల తరబడి మంచంలో ఉన్నాడు. అప్పుడు మా అక్క స్వరూప, ఆయన కాలు నిలబడితే కురవి వీరభద్రస్వామికి వెండి మీసాలు చేయించి పెడతానని మొక్కింది. స్వామివి కోరమీసాలు కదా, ఆయనకు మీసాలు సమర్పించడం మా వైపు ఆనవాయితీ. కాలు నిలబడింది, దవాఖానాలో ఫిట్ కాయితం కూడా ఇచ్చారు. సోమవారం మొదటి షిఫ్టుకు రాకపోతే బాయి పైనే ఏదో కూర్చునే పని ఇస్తామన్నారు ఆఫీసర్లు. బాయి దిగని పనంటే బావకు చచ్చేంత నామోషీ. అక్కేమో మొక్కు తీరందే బాయి గడప తొక్కనివ్వనని భీష్మించుకుని కూర్చుంది. మధ్యలో నలిగింది నేను.

ఎందుకంటే మీసాలు చేయించే పని నా నెత్తిన పడింది. నేనుండేది జనగామలో, మాకు తెలిసిన కంసాలి, అవుసుల సోమాచారి బాపు దుకాణమూ అక్కడే. శనివారం మధ్యాహ్నం తీసుకుందామని పోతే దుకాణానికి తాళం! వెతుక్కుంటూ పోతే రోడ్డు పక్కన రిలే నిరాహార దీక్ష టెంటులో, మెడలో బంతిపూల దండతో, పెళ్లికొడుకులా కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే అంగీ జేబులోంచి చిన్న పొట్లం తీసి చేతిలో పెట్టాడు. విప్పితే ఒక్క ఎడమ పక్క మీసమే ఉంది.

"రెండోది ఏది బాపూ?" అన్నాను.

"ఇయ్యాల, రేపు మా అవుసులోళ్ల వంతు బిడ్డా. సుత్తె ముట్టుకుంటే మా కులపోళ్లే నన్ను కొడ్తరు."

"మరి స్వామికి ఒక్క పక్క మీసం ఎట్ల పెట్టాలె?"

"జర ఓపిక పట్టు. తెలంగాణ రానీ, రెండోది గూడ చేస్త," అన్నాడు. పక్కనున్నవాళ్లు జిందాబాద్ కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది కానీ దీక్షలో ఉన్న మనిషిని తిట్టలేం కదా! ఆ ఒక్క మీసమే పర్సులో పెట్టుకుని బస్సెక్కాను. జనగామ నుంచి హనుమకొండకు గంటన్నర, అక్కడ బస్సు మారి పరకాల మీదుగా భూపాలపల్లికి రెండు గంటలు. రెండు టికెట్లూ కలిపి ఆ రోజుల్లో వంద రూపాయలు దాటలేదు.

క్వార్టర్‌లో అడుగుపెట్టగానే పొట్లం అక్కకిచ్చాను. అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. పని మాత్రం ఎంత బాగుందో! ఒక్కో వెంట్రుకా విడిగా కనబడేలా గీతలు కొట్టి, కొసను పైకి మెలి తిప్పాడు బాపు. "స్వామిని సగం మొగోన్ని చేద్దామనుకున్నవా?" అంది అక్క. బావ మాత్రం కాలు మీద కాలేసుకుని, తన మీసం దువ్వుకుంటూ, "పరేషాన్ కాకుండ్రి, రెండో పక్కది గుడి ముంగట దుకాణంల దొరుకుతది. చవుకల అయిపోతది," అన్నాడు. ఆయనకు మీసమంటే ఎంత ప్రాణమో చెప్పలేను. మంచంలో ఉన్నన్నాళ్లూ కూడా రోజూ నూనె రాయించుకున్నాడు.

ఆదివారం పొద్దున ఆరింటికి బయల్దేరాం. ఉద్యమం వల్ల బస్సులు నడిస్తే నడిచినట్టు, లేకపోతే లేనట్టు ఉండేవి. అందుకని ఖాజా అనే కుర్రాడి జీపు మాట్లాడుకున్నాం, రానూపోనూ రెండు వేల రెండొందలు. ములుగు దాటి, నర్సంపేట, గూడూరు మీదుగా మానుకోట, అంటే మహబూబాబాద్, అక్కడి నుంచి కురవి పది కిలోమీటర్ల పైచిలుకు. మామూలు రోజుల్లో నాలుగు గంటల్లో పోవచ్చు. దారి పొడుగునా బావ ఉపన్యాసమే. మన నీళ్లు, మన బొగ్గు, మన కొలువులు, మన సరుకు! బయటి సరుకు కొన్నవాడు సొంత ఇంటికి కన్నం పెట్టుకున్నట్టేనట. ఆ ఉపన్యాసానికి వెనక సంగీతం ఆయన చైనా ఫోను. నాలుగు స్పీకర్లు, ఒక టార్చి, రెండు సిమ్ములు. అందులో ఉద్యమం పాటలు మోగుతుంటే జీపు అద్దాలు అదిరిపోయాయి.

నర్సంపేట దగ్గర బండి ఆగింది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, గుండిగల్లో అన్నం వండుతున్నారు. వంటావార్పు! వండి, వడ్డించి, తిని, గిన్నెలు కడిగేదాకా ఒక్క బండి కదలదు. మేమూ దిగి పంక్తిలో కూర్చున్నాం. పప్పుచారు, వంకాయ కూర. నిజం చెప్పొద్దూ, ఆ మొత్తం ప్రయాణంలో అంత రుచిగా ఇంకేదీ తినలేదు, పైగా పైసా ఖర్చు లేదు. తిన్నవాడు ఊరుకోవచ్చు కదా, బావ చెయ్యి కడుక్కుని మన సరుకే కొనాలని అక్కడ కూడా మొదలుపెట్టాడు. గరిటె పట్టుకున్న ఒక అవ్వ ఆయన చేతిలో మోగుతున్న ఫోను వైపు చూసి, "గది ఏడిది నాయినా?" అంది.

"చైనాది అవ్వా," అన్నాడు బావ, తడబడకుండా. "డబ్బ వాళ్లది, పాట మనది!"

పంక్తంతా ఘొల్లుమంది. ఆ అవ్వ నవ్వుతూనే ఇంకో గరిటె పప్పుచారు పోసింది.

మానుకోటలో చాయ్ తాగి కురవి చేరేసరికి మూడైంది. గుడి ముందు దుకాణంలో మీసాల జతలు దండలుగా వేలాడదీసి ఉన్నాయి. జత అరవై రూపాయలు. దుకాణం ఆమె ఒక జత తీసి ఎండలో అటూ ఇటూ తిప్పింది. "చైనా పాలిష్ అన్నా. ఏండ్లకేండ్లు నల్లబడదు. వెండి అయితే ఆర్నెల్లకే మసిబారుతది." ఆమె అబద్ధమాడలేదు, తళతళలాడుతోంది. మా సోమాచారి బాపు మీసం దాని పక్కన చిన్నబోయింది. బావ అరవై రూపాయలిచ్చి జత కొన్నాడు, అందులోంచి కుడి పక్కది విడదీశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎడమది యుద్ధానికి పోతున్నట్టుంది, కుడిది ఫొటో దిగడానికి పోతున్నట్టుంది.

"అంత దూరం నుంచి ఎవ్వలు చూస్తరే?" అన్నాడు బావ.

"స్వామి చూస్తడు," అంది అక్క. "నేను కొనుక్కొచ్చి పెడ్త అని మొక్కలే. చేయించి పెడ్త అన్న. మన మనిషి కూసోని, మన కోసం చేసింది గావాలె."

"ఏందే, అరవై రూపాలల్ల అయిపోయే దానికి..."

"నీ కాలు గూడ అరవై రూపాలకే అతికిందా?"

తీర్పు కోసం పంతులుగారి దగ్గరికి పోయాం. ఆయన ఇద్దరి మాటలూ విని, "స్వామికి ఏదైనా ఒకటేనమ్మా, భక్తి ముఖ్యం. జర వరుసల జరుగుండ్రి," అన్నాడు. అక్కకు, బావకు, ఇద్దరికీ తామే గెలిచామనిపించే మాట అది! గొడవ మళ్లీ మొదటికొచ్చింది. సాయంత్రం అవుతోంది. సోమాచారి బాపు సుత్తె పట్టుకునేదెప్పుడు, బావ సోమవారం బాయి దిగేదెప్పుడు? ఈ మొక్కు ఇలాగే వేలాడితే ఇంట్లో ఏం జరుగుతుందో తలుచుకుంటేనే నాకు భయమేసింది.

అక్క కాసేపు బావ మొహం వైపే చూసింది. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని, తలనీలాలు తీసే చోటుకు నడిచింది.

"పొద్దటి సంది మన సరుకు, మన సరుకు అని చెవులు తూట్లు పొడిచినవ్ గదా! నీ మూతి మీదున్నదే అసలు మన సరుకు. ఎడమది వెండిది ఉన్నది. కుడి పక్కది నువ్వియ్యి. వెండిది అయినంక మల్లొచ్చి పెడ్దాం."

బావ మూతి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "పిచ్చి లేసిందా? రేపు బాయి కాడ ముఖం ఎట్ల చూపెట్టాలె?"

"బాయిల చీకటే గదా, ఎవ్వలు చూస్తరు?"

"అందరి నెత్తుల మీద లైట్లుంటయే!"

నేను, ఖాజా పొట్ట పట్టుకుని నవ్వాం. కత్తి పట్టుకున్న మంగలన్న కూడా నవ్వు ఆపుకోలేక, "నా జిందగీల గిసుంటి బేరం చూడలే," అన్నాడు. అక్క ఒక్కతే నవ్వలేదు. కళ్లు తుడుచుకుంటోంది.

"ఆ రోజు నిన్ను స్ట్రెచర్ మీద పైకి తెచ్చిన్రు. ముఖమంత బొగ్గే. నలుగురిని తెస్తే నలుగురూ ఒక్క తీరుగున్నరు. నీ మీసం చూసి గుర్తుపట్టిన. గందుకే స్వామికి మీసాలు మొక్కిన. నువ్వు మల్ల దిగుతనంటున్నవ్. నా మొక్కు సగంల పెట్టి నిన్నెట్ల దిగనియ్యాలె?"

మా నవ్వులు ఆగిపోయాయి. ఈ సంగతి అప్పటిదాకా నాక్కూడా తెలియదు. అక్క ఎవరికీ చెప్పలేదు. బావ పోయి పీట మీద కూర్చుని, "కుడి పక్క తియ్యన్నా," అన్నాడు. మంగలన్నకు ఇరవై రూపాయలిచ్చాం. అక్క ఎడమ పక్క వెండి మీసాన్ని స్వామికి సమర్పించి, చాలాసేపు దండం పెట్టుకుంది.

మిగిలిన చైనా జతను దుకాణం ఆమె వాపస్ తీసుకోనంది. ఖాజా చూసి, "అన్నా, నాకిస్తవా? మస్తుంది, జీపు ముంగట కడ్త," అన్నాడు. ఆ రాత్రి మా జీపు మీసాలతో భూపాలపల్లి చేరింది. ముందు సీట్లో బావ మాత్రం సగం మీసంతోనే ఉన్నాడు. దారిలో నేను, "ఎడమది గూడ తీసేయరాదు బావా, రేపు అందరూ నవ్వుతరు," అన్నాను. బావ వెనక్కి తిరిగి, నిద్రపోతున్న అక్కను చూశాడు. "వద్దు మరదలా. అదుండనీ. మీ అక్క గుర్తువట్టాలె గదా," అన్నాడు. సోమవారం మొదటి షిఫ్టుకు అలాగే పోయాడు. బాయిలో ఉన్న లైట్లన్నీ ఆయన మూతి మీదే పడ్డాయట.

కొన్నాళ్లకు సోమాచారి బాపు కుడి పక్కది కూడా చేసిచ్చాడు. తెలంగాణ వచ్చేదాకా ఆగలేదులెండి. మళ్లీ వెళ్లి సమర్పించి వచ్చాం. ఖాజా జీపు మీది చైనా మీసాలు వానకు, ఎండకు ఏమాత్రం నల్లబడలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. మా వెండివి మాత్రం ఈపాటికి మసిబారే ఉంటాయి. చవకది మంచిదా, మనది మంచిదా అని బావ ఇప్పటికీ చాయ్ హోటల్లో వాదిస్తూనే ఉంటాడు. నాకు ఆ వాదన పట్టదు. నాకు గుర్తుండేది, మా అక్క ఒక మనిషిని గుర్తుపట్టిన గుర్తునే దేవుడికి కూడా చేయించిపెట్టాలనుకోవడం. అలాంటిది దండలో వేలాడుతూ దొరకదు.

కురవి పోయేవాళ్లు మానుకోట స్టేషన్లో దిగితే గుడిదాకా ఆటోలు దొరుకుతాయి. మీసాలు చేయించేవాళ్లు మాత్రం రెండు పక్కలూ చేతికొచ్చాకే ఇల్లు కదలండి. ఒకటే వచ్చిందంటారా, వెంట మీసాలున్న మగమనిషిని తీసుకుపోండి.