తగ్గుతున్న అంకె

ఆ వేసవిలో కోడలు జ్వరంతోనే పని చేసింది. ఆమెకు టెలిస్కోపులతో పని. ఎంతో దూరాన ఒక గెలాక్సీ నడిమధ్య భాగం ఉన్నట్టుండి భగ్గుమంటుందని ఎదురుచూస్తోంది. వెలుగు పెరగడం మొదలవగానే చిలీలోని పెద్ద టెలిస్కోపును అటు తిప్పమని కబురు పంపాలి. మనకు మధ్యాహ్నమైతే అక్కడ రాత్రి. తెల్లారితే ఇక ఏమీ కనిపించదు.

"అత్తయ్యా, గంటసేపు పడుకుంటాను. అక్కడి చిన్న టెలిస్కోపు దాన్నే చూస్తూ ఈ ఫోన్‌కి అంకె పంపుతుంటుంది. వెలుగు పెరిగితేనే లేపండి."

"నాకా చెబుతున్నావు?"

"మొన్న ముసునూరు బస్సు బోర్డు నాకంటే ముందు చదివిందెవరండీ?"

యాభై ఎనిమిదో ఏట అక్షరాలు నేర్చుకున్నదాన్ని. చదివి చెప్పే పని నాకెవరూ అప్పగించి ఎరగరు. వరండాలో కూర్చున్నాను. వాకిట్లో కోసిన మామిడికాయలను కాటా వేస్తున్నారు. నేను అటు చూడలేదు. పదహారు పాయింట్ తొమ్మిది. కాసేపటికి పాయింట్ ఏడు. తర్వాత పాయింట్ నాలుగు. కళ్లద్దాలు తుడుచుకుని కాగితం మీద రాసుకున్నాను. తగ్గుతోంది. పిల్ల ఇన్నాళ్ల ఆశ ఆరిపోతోందనిపించింది. తలుపుదాకా వెళ్లి, జ్వరంలో ఉన్నదాన్ని ఈ కబురుతో లేపడమెందుకని వెనక్కి వచ్చాను. పదిహేను పాయింట్ తొమ్మిది.

రెండు గంటలు గడిచాక తనే లేచింది.

"తగ్గిపోయింది అమ్మాయ్" అని కాగితం ఇచ్చాను.

చూసి ఉలిక్కిపడింది. "అయ్యో! అంకె తగ్గితే వెలుగు పెరిగినట్టు అత్తయ్యా!"

"అదేం లెక్కే? కాటా మీద ఎక్కడన్నా అట్టా ఉంటుందా?"

"కాటా కాదండీ. కాయలు ఏరేటప్పుడు మీకు ఒకటో రకం గొప్పా, మూడో రకం గొప్పా? నక్షత్రాలకూ అంతే. చెప్పకపోవడం నా తప్పు."

నలభై ఏళ్లు కాయలు రకాలుగా ఏరిన చేతులు నావి.

ఆమె గబగబా కబురు పంపింది. "అక్కడింకా ఎంత రాత్రి ఉంది?" అన్నాను. "ముప్పావుగంట." జవాబు రాలేదు. ఆమె నుదురు కాలిపోతున్నా మాత్ర వేసుకోనంది. చివరికి తెర మీద ఒక వరుస వచ్చింది. తిప్పుతున్నారట. తెల్లారేలోపు ఇరవై నిమిషాలు దొరికాయి.

మొదట ఎలా ఎగసిందన్నది మాత్రం పెద్ద టెలిస్కోపుకు చిక్కలేదు. ఆ ఎగసిన ఘడియ మళ్లీ రాదట.

"పర్లేదండీ, ఇది చాలు" అంటుంది, పోయినదానికి బాధగా ఉందా అని ఎప్పుడు అడిగినా. అనే ముందు క్షణం ఆగుతుంది. అసలు జవాబు ఆ క్షణంలోనే ఉంది. దాని కోసమే మళ్లీ మళ్లీ అడుగుతాను.