వచ్చేటప్పటి దారి

మంగళవారం పొద్దున మా సందు చివరింటి కాకా పోయారు. పాల కోసం గేటు తీసిన నాకు ఎదురింటావిడ చెప్పింది, తెల్లారుజామున గుండె ఆగిందట. నాకు వెంటనే నమ్మకం కుదరలేదు. ఆ ఇంటి వైపు చూస్తే గోడకు ఆనించి ఆయన సైకిల్ ఉంది. ఆదివారం తప్ప ఏ రోజూ ఆ వేళకు అది అక్కడ ఉండేది కాదు. అప్పుడు నమ్మాను.

ఆయన నాకు బంధువు కాదు. వాళ్లది ఆలేరు పక్క, మాది గుంటూరు పక్క. నాచారంలో ఇల్లు తీసుకున్న కొత్తలో నేను "అంకుల్" అంటే, "అంకులేంది బిడ్డా, కంపెనీల అందరు కాకా అంటరు, నువ్వు గట్లనే అను" అన్నారు. రాష్ట్రం విడిపోవాలా వద్దా అని ఊరంతా వాదించుకున్న ఏళ్లలో కూడా మా ఇద్దరికీ తేడా వచ్చింది ఒక్క విషయంలోనే. అది సైకిల్ దారి గురించి. అందులో తప్పు నాది. ఆయన ఉండగా ఒప్పుకోలేకపోయాను కాబట్టి ఇప్పుడు ఇలా రాస్తున్నాను.

మల్లాపూర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద ఆయన పని. ముప్పై ఏళ్లు అదే పని, అదే సైకిల్. గొలుసుకు నూనె వేయడం ఇంకెవరినీ చేయనిచ్చేవారు కాదు. తన బీపీ మాత్రలు ఎక్కడున్నాయో భార్యను అడగాల్సిందే గానీ నూనె డబ్బా మాత్రం కళ్లు మూసుకుని తీసేవారు. దారిలో ఎవరి టైరులోనైనా గాలి తగ్గితే ఆపి మరీ చెప్పేవారు. కుక్కలతో కూడా మాట్లాడేవారు. "ఏందిరా, ఇయ్యాల డ్యూటీల లేవా?" అంటే అవి నిజంగానే తోక ఊపేవి.

పన్నెండేళ్ల కిందట నేను ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద మ్యాపులు గీసేదాన్ని. పాత కట్టడాలనూ చెరువులనూ పార్కులనూ కలుపుతూ సైకిల్ దారి ఒకటి వేయాలని మాకు పని వచ్చింది. ఉప్పల్ చెరువు దగ్గర మొదలుపెట్టి, నాచారం చెరువు మీదుగా మౌలాలి గుట్ట దాకా, మెయిన్ రోడ్డు వెంట ఎర్ర గీత గీశాను. ఎంత చక్కగా వచ్చిందో చూపించుకోవాలని కాగితం పట్టుకుని కాకా ఇంటికి వెళ్లాను.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని నెమ్మదిగా చూశారు.

"మస్తు గీసినవ్ బిడ్డా. పోయేటందుకు ఒక గీత ఉంది. మరి వచ్చేటందుకేది?"

"అదే దారి కాకా. వెళ్లిన దారినే రావడం."

"సైకిల్ మీద పోయినవా ఎన్నడన్న?"

పోలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని గీశాను. ఆయన నవ్వి, ఆదివారం తన కూతురి పాత సైకిల్ తుడిచి నా చేతికిచ్చారు.

ఆ ఆదివారం పొద్దున నేను చూసిన నాచారం నా మ్యాపులో లేదు. ఏ గోడ వెంట నీడ ఉంటుందో, ఏ గోదాము నుంచి ఎన్నింటికి లారీలు బయటికొస్తాయో, ఏ వాచ్‌మన్ మంచినీళ్లు ఇస్తాడో ఆయనకు తెలుసు. మందుల కంపెనీ వాసన ముక్కుకు తగలకముందే "జర ఊపిరి బిగవట్టు" అనేవారు. చెరువు కట్ట మీద కాసేపు ఆగాం. కొంగలు ఉన్నాయి, వాటి పక్కనే చెత్త కూడా ఉంది. మౌలాలి గుట్ట కింద ఒక పాత సమాధి ఆవరణలో కూర్చుని సద్ది విప్పారు. ఆ కట్టడం ఏ కాలం నాటిదో, ఎవరు కట్టించారో నేను చదివింది చెప్పబోయాను.

"చరిత్ర నాకు తెల్వది బిడ్డా. నీడ తెల్సు. గీ గోడ పొద్దుగూకేదాక సల్లగుంటది" అన్నారు, పచ్చిమిర్చి కొరుకుతూ.

ఇంటికి బయల్దేరేసరికి పొద్దు వాలింది. మెయిన్ రోడ్డు నేరుగా ఉంది కదా, అటే పోదామని నేను పట్టుబట్టాను. ఆయన కాదనలేదు. కొంత దూరం వచ్చాక ఒక మలుపు దగ్గర సైకిల్ దిగి నడిపించుకుంటూ వచ్చారు. నేనూ దిగాను. పక్క మిషన్ మీద పనిచేసే దోస్తు ఇక్కడే లారీ కింద పడ్డాడని అప్పుడు చెప్పారు. సాయంత్రం షిఫ్టు అయిపోయి వస్తున్నాడు. ఎదురెండకు డ్రైవర్‌కు కళ్లు కనబడలేదు.

"పోయేటప్పుడు అందరం పైలంగనే పోతం బిడ్డా. వచ్చేటప్పుడే పానం ఇంటి మీదికి గుంజుతది. గప్పుడే దారి మంచిగుండాలె."

అప్పటి నుంచి ఆయన తన షిఫ్టు వాళ్లందరినీ సాయంత్రం లోపలి సందుల్లోంచి తీసుకొచ్చేవారట. కాస్త చుట్టూ తిరిగినా సరే.

మర్నాడే కాకా చెప్పిన సందుల వెంట మ్యాపులో రెండో గీత వేశాను, నీలం రంగులో. మా పెద్ద సారు చూసి, "రెండు గీతలేమిటి? జనం తికమక పడతారు. పైగా ఆ సందుల్లో చూడ్డానికేముంది, షెడ్లు తప్ప?" అన్నారు. జవాబు నా దగ్గర ఉంది. మెయిన్ రోడ్డు మీద ఒక మనిషి చనిపోయిన మలుపు ఉంది అని చెప్పవచ్చు. కానీ ఆ నెలలోనే నా కాంట్రాక్టు పొడిగించాల్సి ఉంది. సరే సార్ అన్నాను. నీలం గీత చెరపడానికి నిమిషం కూడా పట్టలేదు.

రంగుల్లో అచ్చయిన రిపోర్టు కాకాకు చూపించాను. చూపించకపోతే ఇంకా తప్పనిపించింది. ఆయన వేలు ఎర్ర గీత వెంట గుట్ట దాకా వెళ్లింది. అక్కడే కొంతసేపు ఆగింది.

"మంచిగొచ్చింది బిడ్డా" అన్నారు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత చాలా రోజులు ఆ ఇంటి ముందు నుంచి తల వంచుకుని నడిచాను. ఆయన మాత్రం ఎప్పటిలాగే "తిన్నవా బిడ్డా?" అని పలకరించేవారు. ఉప్పల్ రోడ్డు మీద మెట్రో పిల్లర్లు లేచాయి, మా రిపోర్టు ఏ బీరువాలోకి పోయిందో తెలియదు. ఎర్ర గీత కూడా రోడ్డు మీదికి రాలేదు. అదొక్కటే నాకు సాకు. కానీ సాకుతో మనసు కుదుటపడదు.

పదకొండో రోజు అయిపోయాక, నిన్న సాయంత్రం, నేను కాకా ఫ్యాక్టరీ గేటు దగ్గరికి సైకిల్ మీద వెళ్లాను. ఎందుకంటే ఆ వచ్చేటప్పటి దారి నాకు కాగితం మీదే తెలుసు. చెరిపింది నేనే గానీ, అందులో ఒక్కసారి కూడా ప్రయాణం చేయలేదు. సైరన్ మోగింది. పాతిక సైకిళ్ల దాకా బయటికొచ్చాయి. తల నెరిసిన ఒక ఫిట్టర్‌ను ఆపి, నేను కాకా సందులో ఉంటానని చెప్పి, ఇంటికి ఏ దారిన వెళతారని అడిగాను.

"గదే దారి మేడమ్. మా ఎంబడి రాన్రి."

మెయిన్ రోడ్డు ఎదురెండలో మెరుస్తోంది. లారీలు హారన్లు కొడుతున్నాయి. ఎవరూ చెయ్యి చూపలేదు, ఒకరినొకరు పిలుచుకోలేదు. సైకిళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఎడమకు తిరిగి రేకుల షెడ్ల మధ్య సందులోకి దిగాయి. వీళ్లలో సగం మందికి ఆ మలుపు దగ్గర ఏం జరిగిందో కూడా తెలియదట, ఈ మధ్యే చేరారట. ఎండ ఆగిపోయింది. పక్కన పొడుగాటి కాంపౌండు గోడ, దాని నీడలో మేమందరం. నాకు ఏడుపొచ్చింది.

"అన్నా, ఈ గీత చెరిపేసింది నేనే" అన్నాను ముందున్న ఫిట్టర్‌తో.

ఆయన వెనక్కి తిరగలేదు.

"ఏ గీతనో నాకు తెల్వది మేడమ్. జర గోడ దిక్కు రాన్రి, ముందట గుంత ఉంది."

నేను గోడ వైపు జరిగాను.