బర్ అంటే బాహర్ కాదు

ఆ రోజుల్లో నా కోపం ముక్కు మీదే ఉండేది. (ఇప్పుడూ అక్కడే ఉంది, ముక్కే కాస్త మెత్తబడింది.) ఖతర్‌లో, అల్ రయ్యాన్‌లోని ఒక ఇంటికి డ్రైవర్‌గా వచ్చి మూడు నెలలైంది. హిందీ నాలుగు ముక్కలు, అరబ్బీ రెండు ముక్కలు, పొగరు మాత్రం ఫుల్ ట్యాంక్. జనవరిలో ఒక బుధవారం మా యజమాని, అందరం బాబా అని పిలిచే పెద్దాయన, "బుక్రా బర్!" అన్నాడు. బుక్రా అంటే రేపని తెలుసు. బర్ అంటే హిందీ 'బాహర్' అనుకుని, ఏ మాల్‌కో కాబోలని ఇస్త్రీ చేసిన పొట్టిచేతుల చొక్కా, హవాయి చెప్పులు వేసుకుని తయారయ్యాను. తీరా చూస్తే బర్ అంటే ఎడారట! మూడు రాత్రులు అక్కడేనట! నాకు రగ్గు లేదు, స్వెటర్ లేదు.

అది కూడా ఓర్చుకుందును. శుక్రవారం పొద్దున ఊళ్ళో నా బిడ్డను తొట్లెలో వేసి పేరు పెడుతున్నారు. పోయిన మా అమ్మ పేరు కనకమ్మ, అదే పెట్టాలని నా పట్టు. నా భార్య అన్న, అంటే మా బావకు, ఆ పేరంటే నామోషీ. "ఫోన్ల అందరి ముందట నేనే చెప్త, అప్పటిదాంక ఎవ్వరు నోరు తెరవొద్దు" అని ఒట్టు వేయించుకున్నాను. ఇక్కడేమో చెక్క గది, చుట్టూ ఇసుక, ఫోన్‌లో ఒక్క గీత లేదు. "సిగ్నల్ మాఫీ," అంటూ బాబా చేతులు తిప్పి, దూరంగా ఉన్న ఇసుక గుట్ట చూపించాడు. వాళ్ళ భాషలో మాఫీ అంటే లేదనట. అప్పు మాఫీ చేసినట్టు, మాఫీ అట, మాఫీ! అంత చలిలోనూ నా ఒళ్ళు మండిపోయింది.

శుక్రవారం పొద్దున్నే గుట్ట ఎక్కబోతే మోకాళ్ళ దాకా దిగబడ్డాను. ఒక చెప్పును ఇసుక మింగేసింది. గది గోడ మీద బాబా ఫొటో ఒకటి ఉంది. ఏదో మంచుదేశంలో, దిగబడకుండా కాళ్ళకు బ్యాట్లలాంటివి కట్టుకుని నవ్వుతున్నాడు. మంచుకు పనిచేసింది ఇసుకకెందుకు చెయ్యదు? బాబా ఇంటి పిల్లల షటిల్ బ్యాట్లు రెండు తెచ్చి, తువ్వాలు చింపి కాళ్ళకు కట్టుకున్నాను. నేను బాతులా నడుస్తుంటే బాబా "మజ్నూన్! మజ్నూన్!" అని నవ్వుతూ వీడియో తీశాడు. నేను పిచ్చోణ్ణా? (ఆ తర్వాత అన్నవన్నీ తెలుగులో అన్నాను కాబట్టి ఉద్యోగం నిలిచింది.)

గుట్ట మీద రెండు గీతలు వచ్చాయి. ఫోన్ చేస్తే ఎత్తింది మా బావే. గాలి కోసేస్తోంది, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"బావా, పేరు జెప్పు జల్ది! పంతులు లేస్తుండు!"

"ఆగుండ్రి బావా! ఈడ వణికి సస్తున్న..."

"ఏందీ? వాణి... వాణియా? మస్తుంది బావా!"

"వాణి కాదు, కనకమ్మ! కనకమ్మ!" అని ఎడారంతా వినపడేలా అరిచాను. ఎడారికే వినపడింది, ఫోన్ ఎప్పుడో కట్టయింది, ఆ గీతలు మళ్ళీ రాలేదు. (బావకు నిజంగా వినపడలేదో, వినపడనట్టు నటించాడో, నాకిప్పటికీ అనుమానమే.) ఆదివారం ఇల్లు చేరి ఫోన్ చేసేసరికి ఊరంతా వాణి అనే పిలుస్తోంది. ఆరు నెలలు బావతో మాట్లాడలేదు.

ఇప్పుడు బాబా నోట బర్ అన్న మాట వస్తే ముందు రగ్గు కారెక్కుతుంది. మొన్న వీడియో కాల్‌లో, రెండో తరగతి చదివే మా వాణి, "నాన్నా, నాకీ పేరు ఎవలు పెట్టిండ్రు?" అని అడిగింది. పక్కనే బావ పళ్ళికిలిస్తూ కూర్చున్నాడు. తిట్టు గొంతు దాకా వచ్చింది. అంతలో కాళ్ళకు బ్యాట్లు కట్టుకుని గుట్ట మీద అరుస్తున్న ఆ పిచ్చోడు కళ్ళ ముందు మెదిలాడు. నవ్వాగలేదు.

"చలి పెట్టింది బిడ్డా," అన్నాను.